అద్దం మూసెయ్ అన్నా

మా అల్లుణ్ణి మా వీధిలో అందరూ నత్త అంటారు. అతను స్కూటరు మీద పోతుంటే సైకిలు తొక్కే పిల్లలు కూడా దాటేసి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపి మరీ పోతారు. నేను వెనక కూర్చున్నానంటే ఇంకా నెమ్మది. "ఏమయ్యా, నేను దిగి నడిచి వెళ్తాను, నువ్వు మెల్లగా నా వెనకాలే రా" అని ఎన్నిసార్లు అన్నానో. ఉలకడు, పలకడు. మరీ గుచ్చితే, "పడితే మీ ఎముకలు ఎవరు ఏరుకొస్తారు అత్తయ్యా" అంటాడు. అలాంటి మనిషి చేసే ఉద్యోగం ఏమిటో తెలుసా? అంబులెన్సు డ్రైవరు.

ఒకసారి బజార్లో నిలబడి ఉన్నాను, పక్కన నా కూతురు. కుయ్యోమొర్రో అని అరుచుకుంటూ ఒక అంబులెన్సు వచ్చింది. ఆటోలు, బస్సులు, జనం చెల్లాచెదురైపోయారు. ఆ కాస్త సందులోంచి సూదిలో దారంలా దూరి వెళ్ళిపోయింది. "ఎవడే వీడు, లోపలున్న ఒక్కణ్ణి బతికించడానికి బయట పదిమందిని చంపేలా ఉన్నాడు!" అన్నాను. నా కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నీ అల్లుడేనే అమ్మా" అంది.

డ్యూటీ దిగి ఇంటికి రాగానే పెరట్లో కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటాడు. చేతులు అరిగిపోతాయేమో అన్నంతగా రుద్దుతాడు. తర్వాత గడప మీద కూర్చుని టీ తాగుతాడు. నా కూతురు ఆ కాసేపూ అతన్ని కదిలించదు. నాకు ఊరుకోవడం చేతకాదు కదా. "ఇవాళ ఎవరన్నా పోయారా?" అని అడిగేదాన్ని. ఎప్పుడూ ఒకటే జవాబు. "బండిలో ఎవరూ పోరు అత్తయ్యా." గొప్పలు పోతున్నాడనుకునేదాన్ని. అంత నెమ్మదైన వాడికి ఆ ఒక్క గొప్పా ఉండనీలే అని ఊరుకునేదాన్ని.

వాళ్ళకి ఒక్కతే కూతురు, నా మనవరాలు. దాని మొగుడు ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో పని, సెలవు దొరికినప్పుడు వస్తాడు. మొదటి కాన్పుకి అది మా దగ్గరే ఉంది. మా ఇంటికి దగ్గర్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉంది. గోడల నిండా పూల బొమ్మలు వేశారని మేము పూల ఆసుపత్రి అంటాం. లోపలికి పోగానే పెద్ద అక్షరాల బోర్డు. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతవరకే. 'మా దగ్గర ఇంతవరకు ఒక్క పసిబిడ్డ కూడా చనిపోలేదు' అని ఉంటుంది. ఆ బోర్డు చూసే అక్కడికి పోయాం. ఎవరైనా అదే చూస్తారు.

బాబు పుట్టాడు కానీ ఊపిరి సరిగ్గా అందలేదు. మా పిల్లకేమో బీపీ పెరిగిపోయింది. ఆసుపత్రి వాళ్ళు గాభరాపడిపోయి, తల్లినీ బిడ్డనీ ఇద్దర్నీ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. పెద్దాసుపత్రి వంతెన అవతల, ఊరికి ఆ చివర. వచ్చిన అంబులెన్సు మా అల్లుడిదే. నేనూ నా కూతురూ వెనకాల ఆటోలో పోయాం. మేము చేరేసరికి మా పిల్ల స్ట్రెచరు మీద ఉంది, చేతులు ఖాళీగా ఉన్నాయి. లోపలికి తీసుకెళ్ళిన డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు.

అప్పట్నించి మా పిల్ల మాట ఒకటే. "గేటు దాకా నాతోనే ఉన్నాడు అమ్మమ్మా. దారంతా వాడితో మాట్లాడుతూనే ఉన్నాను, వింటూనే ఉన్నాడు. లోపలికి తీసుకెళ్ళి వాళ్ళే చంపేశారు." దానికి ఈ లోకంలో మిగిలిన ఓదార్పు అదొక్కటే, వాడు గేటు దాకా తన గొంతు విన్నాడని. ఆ మాట అన్నప్పుడల్లా మా అల్లుడు లేచి బయటికి పోయేవాడు. బాధ తట్టుకోలేక పోతున్నాడనుకున్నాను.

దానికి తోడు పేపర్లో వేశారు. ఎవరో డాక్టర్లు లెక్క తీశారట, పుట్టిన నెలలోపు పిల్లలు ఏ ఆసుపత్రిలో ఎంతమంది పోతున్నారని. అన్నిటికంటే ఎక్కువ పెద్దాసుపత్రి పసిపిల్లల వార్డులో. పూల ఆసుపత్రిలో సున్నా. మా పిల్ల ఆ కాగితం తెచ్చి నా మొహం ముందు పెట్టింది. "నేను చెప్తే పిచ్చిదాన్నన్నారు. ఇప్పుడు డాక్టర్లే అంటున్నారు." ఆ వార్డు పేరు చెప్తేనే వీధిలో ఆడవాళ్ళు బిడ్డల్ని గుండెకి హత్తుకోవడం మొదలుపెట్టారు. కొందరు జ్వరమొచ్చిన పిల్లల్ని కూడా అక్కడికి తీసుకుపోక, ఇంట్లోనే చూసుకుని, ఇక చేయి దాటిపోయాక పరిగెత్తారు.

అలాంటి సమయంలో దానికి మళ్ళీ కడుపు. చివరి నెలకి వచ్చేసరికి కాళ్ళు వాచాయి, మళ్ళీ బీపీ. పెద్దాసుపత్రికి పోదామే అంటే నా మీద విరుచుకుపడింది. "ఒకణ్ణి ఇచ్చాను చాలదా? పూల ఆసుపత్రికే పోతాను. అక్కడ ఎవరూ చావరు." నా కూతురు ఏడ్చింది. నేను తిట్టాను. మా అల్లుడు మాత్రం గోడకి చేరబడి నేల చూశాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. "రోజూ ఆ ఆసుపత్రికి పోయి వస్తావు కదయ్యా, ఏది మంచిదో నోరు విప్పి చెప్పలేవా? సైరను ఆ బండికేనా, నీకు లేదా?" అన్నాను. స్కూటరు తాళం తీసుకుని బయటికి పోయాడు. అంతే.

ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. బక్కపలచని మనిషి, చెప్పులు అరిగిపోయి ఉన్నాయి. డాక్టరునని చెప్తే నమ్మలేదు నేను. పేపర్లో వచ్చిన ఆ లెక్క తీసినవాళ్ళలో తనూ ఉందట. "ఆ లెక్క మీద నాకే అనుమానం వచ్చింది పెద్దమ్మా. అందుకని బిడ్డ పోయిన ప్రతి ఇంటికీ పోయి మళ్ళీ అడుగుతున్నాను" అంది. లెక్కల డాక్టరమ్మ అన్నమాట. మా పిల్ల దగ్గర కూర్చుని, దాని చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అడిగింది. మా పిల్ల మామూలుగానే చెప్పింది. గేటు దాకా బాగానే ఉన్నాడు, లోపల చంపేశారు.

డాక్టరమ్మ మా అల్లుడి వైపు తిరిగింది. "మీరే కదండీ ఆ రోజు బండి నడిపింది? బాబు ఎప్పటిదాకా ఉన్నాడు?"

"గేటు దాకా మేడం" అన్నాడు.

ఆవిడ కలం మూత పెట్టింది. "నాకు అర్థం కానిది ఇదేనండీ. ఎవర్ని అడిగినా గేటు దగ్గరే అంటున్నారు. ఊపిరందని పసిగుడ్లు, ఇంత దూరం ప్రయాణం. ఇంత పొడుగు రోడ్డు మీద ఒక్క బిడ్డ కూడా పోలేదట. అందరూ ఆ గేటు దగ్గరికి వచ్చి పోయారట. అక్కడ ఏముంది అంతగా?"

మా అల్లుడు టీ గ్లాసు కింద పెట్టి, పొడి చేతుల్నే సబ్బు పెట్టినట్టు రుద్దుకున్నాడు. మా పిల్ల చూడలేదు. నేను చూశాను. డాక్టరమ్మ కూడా చూసిందేమో. తన ఫోను నంబరు ఇచ్చి పోయింది.

సాయంత్రం కుళాయి దగ్గర పట్టుకున్నాను. "ఏం దాస్తున్నావు?"

"ఏం లేదు అత్తయ్యా."

"నీళ్ళు నమలకు. ఆ సబ్బు అక్కడ పెట్టి చెప్పు."

చెప్పాడు. నురగ చేతుల మీదే ఆరిపోయింది, చెప్పడం అయ్యేసరికి.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉందట. ఎవరూ పెట్టింది కాదు, పాత డ్రైవర్ల దగ్గర్నించి వచ్చింది. డ్రైవరు కూర్చునే చోటుకీ వెనక భాగానికీ మధ్య పక్కకి జరిగే చిన్న అద్దం ఉంటుంది. వెనకాల రోగిని చూసుకునే అమ్మాయి ఉంటుంది, మా అల్లుడు చెల్లెమ్మా అని పిలుస్తాడు. దారిలో ప్రాణం పోయిందంటే ఆ అమ్మాయి పక్కనున్న వాళ్ళకి చెప్పదు. "అద్దం మూసెయ్ అన్నా" అంటుంది. అంతే, డ్రైవరుకి తెలిసిపోతుంది. అద్దం మూసి, సైరను ఆపకుండా, స్పీడు తగ్గించకుండా గేటు దాకా తీసుకుపోతాడు. బండిలో ఆ తల్లిని పట్టుకోవడానికి ఎవరున్నారు? అక్కడ గుండె పగిలితే ఆవిణ్ణి కూడా పోగొట్టుకోవాలి. ఆసుపత్రికి చేరాక డాక్టరు చెప్తాడు, చుట్టూ మనుషులు ఉంటారు. అందుకే బండిలో ఎవరూ పోరు. అందరూ పెద్దాసుపత్రిలో చేరాకే పోతారు. ఆ చావులన్నీ ఆ వార్డు లెక్కలోనే పడతాయి. పంపించిన వాళ్ళ బోర్డు మీద సున్నా అలాగే మెరుస్తూ ఉంటుంది.

"మరి మన బాబు?" అన్నాను.

"వంతెన దిగగానే" అన్నాడు. "అది వాడికి ఏదో చెప్తూనే ఉంది అత్తయ్యా. అద్దం మూశాక కూడా నాకు వినపడుతూనే ఉంది."

నేను కూడా ఆ తడి బండ మీదే కూర్చున్నాను. తర్వాత, "ఈ మాట చెప్తే అది పెద్దాసుపత్రికి వస్తుంది. చెప్పు" అన్నాను.

"వాడు విన్నాడన్న ఒక్క మాట మీద అది బతుకుతోంది. దాన్ని కూడా నేనే లాక్కోమంటారా?"

"లాక్కోకపోతే దాన్నే పోగొట్టుకుంటావు."

తల ఊపాడు. చెప్తానన్నాడు. మర్నాడు చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. టిఫిను పళ్ళెం ముందు కూర్చుని దాని మొహం చూసేవాడు, నోరు తెరిచేవాడు, "ఉప్పు ఇలా ఇవ్వు" అనేవాడు. నేనే చెప్పేద్దామని ఒకసారి దాని పక్కన చేరాను. వీధి వీధంతా భయపడే ఈ నోరు ఉందే, అది ఆ రోజు పెగల్లేదు. మా పిల్ల నా చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకుని, "చూడు అమ్మమ్మా, ఎలా తన్నుతోందో" అంది. ఏం చెప్తాం? ఇల్లంతా ముళ్ళ మీద నడుస్తున్నట్టు ఉండేది. అది దగ్గినా ఉలిక్కిపడేవాళ్ళం. గిన్నె కింద పడినా మా అల్లుడు లేచి నిలబడేవాడు.

ఒకరోజు పొద్దున్న అది తల పట్టుకుంది. కళ్ళముందు మిణుగురులు తిరుగుతున్నాయంది. తర్వాత నొప్పులు. నా కూతురు ఫోను చేసింది. డ్యూటీలో ఉన్నది మా అల్లుడే, బండి వచ్చేసింది. వెనకాల ఉన్నదీ బాబు పోయిన రోజున ఉన్న ఆ అమ్మాయే. నన్ను వెనకాల ఎక్కించారు, నా కూతురు బట్టల సంచీతో ముందు కూర్చుంది. ఆ అమ్మాయి బీపీ చూసి కంగారుపడింది. "అన్నా, చాలా ఎక్కువుంది" అంది.

"పూల ఆసుపత్రి నాన్నా" అని అరిచింది మా పిల్ల. "ఇంకెక్కడికీ తీసుకుపోకు. ఒట్టు."

సైరను మోగింది. పెద్ద రోడ్డు మలుపు ఉంది చూశారూ, ఎడమకి తిరిగితే పూల ఆసుపత్రి, తిన్నగా పోతే వంతెన. అక్కడ బండి ఆగిపోయింది. సైరను కూడా ఆగింది. అంత అరుపు ఒక్కసారిగా ఆగితే చెవుల్లో ఎలా ఉంటుందో.

"ఏమైంది? ఎందుకు ఆపావు నాన్నా?"

అద్దం పక్కకి జరిగింది. అతని మొహం సగమే కనపడింది. "అమ్మలూ, నీకో మాట చెప్పాలి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే తల్లీ. ఎడమకి తిప్పాక చెప్పినా లాభం లేదు. బాబు గేటు దాకా రాలేదు. వంతెన దిగాక టైర్ల కొట్టు ఉంది చూడు, అక్కడే పోయాడు. పెద్దాసుపత్రి వాళ్ళు వాణ్ణి ప్రాణంతో చూడనే లేదు."

"అబద్ధం. నేను మాట్లాడుతూనే ఉన్నాను వాడితో."

"అవును. నేను విన్నాను."

"నేనే అక్కా అద్దం మూసెయ్యమన్నది" అంది ఆ అమ్మాయి. ఆమె కళ్ళు నిండిపోయాయి.

మా పిల్ల ఆ అద్దం వంక చూసింది, నా వంక చూసింది, మళ్ళీ అద్దం వంక. "బాబుకి చల్లగాలి తగులుతుందని మూశారనుకున్నాను" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "మరి సైరను ఎందుకు? అంత స్పీడు ఎందుకు? నేను వాడికి అన్నీ చెప్పుకుంటూ..."

వెనకాల బండ్లన్నీ హారన్లు మొదలుపెట్టాయి. జనం ఒక అంబులెన్సుని కదలమని హారన్ కొట్టడం నేను చూడటం అదే మొదలు. ఒక ఆటోవాడు తల బయట పెట్టి, "ఏం అన్నా, టీ తాగి బయల్దేరతావా?" అని అరిచాడు. అంత కంగారులోనూ వాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది నాకు. ఇంతలో మా పిల్లకి నొప్పి వచ్చింది. అది నా మణికట్టు పట్టుకుని మెలితిప్పింది. కాస్త తగ్గాక, కళ్ళు మూసుకునే అంది.

"నీ మొహం చూడను నాన్నా. పోనీ. తిన్నగా పోనీ."

గేరు పడింది. అలవాటుకొద్దీ అతని చెయ్యి అద్దం మీదికి పోయింది.

"ముయ్యకు!" అని కేకేసింది. "నా ముందు దాన్ని ఇంకెప్పుడూ ముయ్యకు."

పెద్దాసుపత్రిలో గోడలకి పూలు లేవు, సున్నం పెచ్చులూడుతోంది. మా పిల్లని లోపలికి తీసుకెళ్ళీ తీసుకెళ్ళగానే ఆపరేషను చేశారు. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు ఒక్క మూలుగు మూలిగింది. పసిపిల్లల వార్డులో వెచ్చగా ఉంచే పెట్టెలో పెట్టి, ముక్కులో గొట్టాలు పెట్టారు. ఆ వార్డులోనే, మేము ఇన్నాళ్ళూ శాపనార్థాలు పెట్టిన వార్డులోనే. నర్సులు ఒక్కొక్కరు అన్నేసి పెట్టెల మధ్య పరుగులు పెడుతుంటే, నేను కిటికీ దగ్గర నిలబడి ఆ పిల్ల పొట్ట పైకీ కిందికీ కదులుతోందా అని చూస్తూ ఉండేదాన్ని. కదలడం లేదనిపించి ఒకసారి అరిచాను కూడా. నర్సు వచ్చి, "అమ్మమ్మా, మీరు అరిస్తే అన్ని పెట్టెల్లోని పిల్లలూ లేస్తారు" అంది. కసిరినా బాగుండేది, నవ్వేసింది.

మా పిల్ల కోలుకుంది కానీ తండ్రితో మాట్లాడలేదు. అతను ఫ్లాస్కు తెచ్చి మంచం పక్కన పెట్టేవాడు, తలుపు దాకా పోయి నిలబడేవాడు, మళ్ళీ పోయేవాడు. పాపని తెచ్చి ఒళ్ళో పెట్టిన రోజు కూడా అంతే.

ఆ రోజే లెక్కల డాక్టరమ్మ వచ్చింది. మా అల్లుడే ఫోను చేశాడట. మంచం అంచున కూర్చుని, "మీ నాన్నగారు నాతో మాట్లాడాలన్నారు. కానీ మొదట నువ్వు చెప్పిందే నా దగ్గర ఉంది. నీకు ఇష్టం లేకపోతే మార్చను" అంది.

"మారిస్తే ఏమవుతుంది?"

"పుట్టింది ఎక్కడ, పోయింది ఎక్కడ, రెండూ విడివిడిగా వేస్తాం. పూల ఆసుపత్రిలో పుట్టాడు, దారిలో పోయాడు. అలా అందరి లెక్కా సరిచేస్తే, ఏ బిడ్డకి ఎక్కడ సాయం అందలేదో తెలుస్తుంది. ఒక్క నీ బాబుతో మొత్తం మారిపోతుందని మాత్రం చెప్పలేనమ్మా."

మా పిల్ల పాప వేళ్ళు ఒక్కొక్కటీ సవరించింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది. "టైర్ల కొట్టుకి ఇవతలా, అవతలా?"

ఎవర్ని అడుగుతోందో ఒక్క క్షణం అర్థం కాలేదు. తలుపు దగ్గర నిలబడ్డ మా అల్లుడు ఒక అడుగు లోపలికి వేశాడు. "ఇవతల. పాత టైర్లు పేర్చి ఉంటాయి, అక్కడ."

"అప్పుడు నేను వాడితో ఏం చెప్తున్నాను?"

"ఇంట్లో ఉయ్యాల ఏ రంగుదో చెప్తున్నావు."

"అది విన్నాడా నాన్నా?"

విన్నాడని చెప్పవయ్యా, నీ సొమ్మేం పోయింది అని లోపల కొట్టుకున్నాను నేను. అతను చెప్పలేదు. "తెలీదు అమ్మలూ" అన్నాడు. "ఆ చెల్లెమ్మకీ తెలీదు. అంత సరిగ్గా ఎవరికీ తెలీదు."

మా పిల్ల కన్నీళ్ళు పాప నెత్తి మీద పడ్డాయి. తుడిచింది. "అలాగే రాసుకోండి డాక్టరుగారూ" అంది.

డాక్టరమ్మ రాసుకుంది. పోతూ పోతూ మా అల్లుణ్ణి అడిగింది, మిగతా డ్రైవర్లతో కూడా మాట్లాడించగలరా అని. అతను అంబులెన్సులు పెట్టే షెడ్డులో ఆ మాట ఎత్తితే పెద్ద రభస అయిందట. "ఇప్పుడు పోయి ఆ తల్లులందరి గుండెలూ మళ్ళీ కోస్తావా?" అని సగంమంది లేచారట. "తల్లులకి చెప్పమని నేను అడగను, నాకు చెప్తే చాలు" అంటుంది డాక్టరమ్మ. "నాకైతే చెప్పాల్సిందే" అంటుంది మా పిల్ల. ఇది ఎక్కడ తేలుతుందో నాకు తెలీదు. ఆవిడ కొత్త లెక్క ఇంకా బయటికి రాలేదు. పూల ఆసుపత్రి బోర్డు మాత్రం అక్కడే ఉంది, మొన్ననే తుడిచినట్టున్నారు.

పాప ఇంటికొచ్చింది. నిద్రపోతుంటే నేను ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. "లేస్తుంది అమ్మమ్మా, ఊరుకో" అని కసురుతుంది మా పిల్ల. నేను వంటింట్లోకి పోగానే అదే వేలు పెట్టి చూసుకుంటుంది. నాకు తెలీదనుకుంటుంది.

నిన్న సాయంత్రం మా అల్లుడు డ్యూటీ దిగి వచ్చాడు. కుళాయి దగ్గర చేతులు రుద్దుకుని గడప మీద కూర్చున్నాడు. పాపని పడుకోబెట్టి మా పిల్ల కూడా అక్కడే కూర్చుని ఉంది. పాత అలవాటు కదా, నోరు జారి అడిగేశాను. "ఇవాళ ఎవరన్నా పోయారా?"

గ్లాసు పక్కన పెట్టాడు. "ఒక బిడ్డ పోయింది అత్తయ్యా. వంతెన ఎక్కకముందే. బండి పక్కకి ఆపి ఆ తల్లికి చెప్పాను. అద్దం ముయ్యలేదు."

"ఆవిడ ఏమంది?"

"నా చొక్కా చించేసింది" అన్నాడు.

అప్పుడు చూశాను, భుజం దగ్గర కుట్టు విడిపోయి ఉంది. నా కూతురు సూదీ దారం తెచ్చి పక్కన కూర్చుంది. లోపల పాప కెవ్వుమంది, నలుగురం ఒకేసారి లేచాం.